నల్లకుంట ఇంటి గోడకు నెమ్ము ఎక్కిన దారి

మా నల్లకుంట ఇంటి ముందుగది గోడకు ఏటా వానకాలంలో నెమ్ము ఎక్కుతుంది. నాన్నగారు 1974లో కట్టించిన ఇల్లు ఇది. రాతి పునాది మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఆ గోడకు బయటి వైపున ఆనుకొని నీళ్ల సంపు. చాలా ఏళ్ల పాటు ఆ చెమ్మ మోకాలి ఎత్తు దాటలేదు. అడుగున రెండడుగుల మేర సున్నం ఉబ్బి, చౌడు తెల్లగా పూసి, చీపురు తగిలితే గిలాబు పొడిగా రాలేది. దసరాకు ముందు ఒక కోటు సున్నం వేయించి ఊరుకునేవాళ్లం. మూడేళ్ల కిందట మా అబ్బాయి ఈ చికాకు భరించలేక ఒక పెయింటింగ్ కాంట్రాక్టరును పిలిపించి, పాత సున్నం గీకించి, లప్పం పెట్టించి, నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు నీళ్లు చొరని పెయింటు రెండు కోట్లు వేయించాడు. మరుసటి ఏడు జులైలో ఆ పెయింటు అంచుకు పైన, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, గోడగడియారానికి కాస్త కింద, కొత్త నెమ్ము మచ్చ తేలింది.

చూడటానికి వచ్చిన మేస్త్రీ ఆ మచ్చను వేలితో తడిమి, “సారూ, నీళ్లు కిందికి జారుతయి గానీ మీదికెట్ల ఎక్కుతయి? పైన యాడనో పైపు కారుతున్నట్టుంది, పగలగొట్టి చూద్దాం” అన్నాడు. ఆ గోడలో అసలు పైపే లేదు. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, తలతన్యత పాఠంలో కేశనాళికల బొమ్మను నల్లబల్ల మీద లెక్కలేనన్ని సార్లు గీసినవాణ్ణి కాబట్టి, నీరు ఎందుకు ఎక్కుతుందో చెప్పడం నాకు కష్టం కాదు. అయితే పెయింటు వేసిన తరువాత నెమ్ము తగ్గకపోగా ఎందుకు పెరిగిందో మాత్రం నాకూ ఆ క్షణాన తట్టలేదు. పాఠంలో గొట్టం ఒక చివర నీటిలో ఉంటుంది, నీరు కొంత ఎత్తుకు ఎక్కి ఆగుతుంది, లెక్క ముగుస్తుంది. గోడలో లెక్క అక్కడ ముగియదు.

మర్నాడు మా వీధి చివర రక్తపరీక్షలు చేసే చోట అడిగి, వాడని గాజు కేశనాళికలు గుప్పెడు తెచ్చుకున్నాను. వేలికొనను సూదితో పొడిచి ఈ గొట్టాన్ని ఆనిస్తే, ఎవరూ పీల్చకుండానే రక్తం అందులోకి ఎగబాకడం పరీక్షలు చేయించుకున్నవారు చూసే ఉంటారు. ఒక్కొక్కటి 75 మిల్లీమీటర్ల పొడవు, లోపలి రంధ్రం వ్యాసం 1.1 మిల్లీమీటర్లు. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు స్కేలు పట్టుకొని నిలబడ్డాడు. నీటిమట్టం బాగా కనబడాలని మొదట గిన్నెలో రెండు చుక్కల సిరా కలిపాను. అది నా పొరపాటు. నీరు 22 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. సిరాలో కలిపే కొన్ని పదార్థాలు సబ్బులాగే నీటి తలతన్యతను తగ్గిస్తాయన్న సంగతి నేను మరిచిపోయాను. సిరా పారబోసి, ఫిల్టరు నీళ్లు పోసి, కొత్త గొట్టం పెడితే 26 దగ్గర నిలిచింది. ముప్పై డిగ్రీల గదిలో లెక్క ప్రకారం రావలసింది 26.5. వంటింటి గిన్నెతోనూ బడిపిల్లవాడి స్కేలుతోనూ చేసిన ప్రయోగానికి ఇంతకన్నా దగ్గరి ఫలితం ఆశించడం అత్యాశే అవుతుంది.

ఈ ఎత్తు ఎక్కడి నుంచి వచ్చిందో మనవడికి చెప్పిన క్రమంలోనే ఇక్కడా రాస్తాను. నీటి లోపలి అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులకూ లాగుతాయి. పై తలంలో ఉన్న అణువుకు మీద తోడు లేదు గనుక అది అంచున కూర్చున్నట్టే ఉంటుంది, అటువంటి అంచు వీలైనంత తక్కువగా ఉండేలా నీరు తన ఉపరితలాన్ని కుదించుకోవాలని చూస్తుంది. ఆ కుదింపు బలమే తలతన్యత. నీటికి అది 20 డిగ్రీల దగ్గర మీటరుకు 0.0728 న్యూటన్లు. అయితే ఇది ఒక్కటే నీటిని పైకి లేపదు. నీటి అణువులకు తమలో తమకు ఉన్న సంసంజన బలం కంటే శుభ్రమైన గాజుతో ఉన్న అసంజన బలం ఎక్కువ కాబట్టి, నీరు గాజు గోడను పట్టుకొని పైకి పాకుతుంది. అంచులు పాకినందువల్ల నడిమి తలం నెలవంకలా కిందికి వంగుతుంది. వంగిన తలాన్ని తలతన్యత చదును చేయబోయి, కింది నీటిని తనతో పాటు పైకి తెస్తుంది. గోడ తడపడమూ తలం కుదించుకోవడమూ రెండూ కలిస్తేనే నీరు ఎక్కుతుంది. గొట్టం పీల్చుతుందనడం వాడుకలో ఉన్న మాటే గానీ, అక్కడ పీల్చేది ఏదీ లేదు.

లెక్క చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది. నీటిని మోసేది గొట్టం లోపలి చుట్టుకొలత వెంబడి ఉన్న సన్నని వలయం మాత్రమే. మా గొట్టంలో ఆ వలయం పొడవు మూడున్నర మిల్లీమీటర్లు. దాన్ని తలతన్యతతో గుణిస్తే వచ్చే బలం సుమారు 25 మిల్లీగ్రాముల నీటి బరువును, అంటే రెండు సన్నబియ్యపు గింజలంత బరువును, మోయగలదు. 26.5 మిల్లీమీటర్ల నీటి స్తంభం బరువు సరిగ్గా అంతే. గొట్టం వ్యాసం సగం చేస్తే మోసే వలయం సగమవుతుంది, కానీ మోయవలసిన స్తంభం అడ్డుకోత నాలుగో వంతుకు పడిపోతుంది; అందుకే ఎత్తు రెట్టింపవుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న గొట్టంలో నీరు సుమారు 15 మిల్లీమీటర్లు ఎక్కితే, అందులో పదో వంతు వ్యాసార్ధంలో 15 సెంటీమీటర్లు, వందో వంతులో ఒకటిన్నర మీటరు ఎక్కుతుంది. ఇటుకలో వెయ్యో వంతు వ్యాసార్ధమున్న సూక్ష్మరంధ్రాలకు కొదవ లేదు. వాటికి ఈ లెక్క దాదాపు 15 మీటర్లు చూపుతుంది. అంటే పాఠం ప్రకారమైతే మా గోడ తడి కప్పు దాటి, పక్కవారి మూడో అంతస్తును కూడా దాటాలి.

ఈ నియమాన్ని 1718లో ప్రకటించిన జేమ్స్ జ్యూరిన్ వృత్తిరీత్యా వైద్యుడు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు లండన్ రాయల్ సొసైటీలో ప్రయోగాలు చేసిన ఫ్రాన్సిస్ హాక్స్‌బీ, గాలి తీసేసిన పాత్రలో కూడా నీరు అదే ఎత్తుకు ఎక్కుతుందని చూపి, ఇదంతా గాలి ఒత్తిడి పనేనన్న వాదాన్ని కొట్టివేశాడు. గాజు దళసరిగా ఉన్నా పలుచగా ఉన్నా ఎత్తు మారదని కూడా ఆయనే గమనించాడు. నీటిని పట్టుకునేది గాజు లోపలి తలమే గానీ దాని వెనుకనున్న మందం కాదని దీనివల్ల తేలింది. జ్యూరిన్ ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, కింద వెడల్పుగా ఉండి పైన సన్నబడిన గొట్టంతో చేసినది. దాన్ని ముందుగా నీటితో నింపి నిలబెడితే, నీరు సన్నని భాగానికి తగిన ఎత్తులోనే నిలుస్తుంది. కింద ఎంత వెడల్పున్నా ఫరవా లేదు. పైన తలం ఉన్న చోట గొట్టం ఎంత సన్నమన్నదే ముఖ్యం. ఎన్నో ఏళ్లు పాఠం చెప్పినా ఈ చివరి మాటలోని బరువు నాకు సరిగా అందలేదు, మా గోడ నేర్పేదాకా.

ఇక్కడ మనవడు ఒక ఉపాయం చెప్పాడు. “తాతయ్యా, ఇరవయ్యారు దాకా ఎక్కే నీళ్లకు పది మిల్లీమీటర్ల గొట్టమే పెడితే, మిగిలింది పై నుంచి పొంగిపోతుంది కదా? అప్పుడు మోటారు లేకుండానే సంపులో నీళ్లు ట్యాంకుకు పోతాయి!” ప్రతి బ్యాచిలోనూ ఒకరిద్దరు అడిగే ప్రశ్న ఇది, నేను గొట్టాన్ని ఆకురాయితో గీసి విరిచి, సెంటీమీటరు ముక్క చేసి నీటిలో నిలబెట్టాను. నీరు పై అంచు దాకా వచ్చింది, అక్కడే ఆగింది, ఒక్క చుక్క కూడా పొర్లలేదు. అంచు దాటి పాకడానికి గోడ లేదు గనుక, నెలవంక తన వంపును తగ్గించుకొని కొంత చదునైంది. లోపలి వంపు వ్యాసార్ధం 0.55 మిల్లీమీటర్ల నుంచి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లకు పెరిగితే, సెంటీమీటరు నీటి బరువుకు అది సరిపోతుంది. నీరు తన తలాన్ని ఎంత అవసరమో అంతే వంచుతుంది. కేశనాళిక నీటిని ఎత్తి నిలుపుతుందే తప్ప, పైన పారబోయదు.

అయితే ఒక్క దారి ఉంది. ఆ పొట్టి గొట్టం పై అంచున నీరు ఆవిరైపోతూ ఉంటే, తలం కొద్దిగా లోపలికి కుంగి వంపు పెరుగుతుంది, వంపు పెరిగినందువల్ల కింది నీరు పైకి వచ్చి ఆ లోటు పూడుస్తుంది. ఆవిరి పోయినంత కాలం ఈ ప్రయాణం ఆగదు. వేసవిలో రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ దారినే: మట్టి రంధ్రాల గుండా నీరు బయటి తలానికి చేరి, గ్రాముకు దాదాపు 2,400 జౌళ్ల వేడిని కుండ నుంచీ లోపలి నీటి నుంచీ తీసుకొని ఆవిరవుతుంది. మా ఇంటి ముందున్న వేపచెట్టుదీ ఇదే దారి. చెట్లు కేశనాళికీయత వల్ల నీటిని పైకి తెచ్చుకుంటాయని ఇప్పటికీ కొన్ని గైడు పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి గానీ, చెట్టులో నీటిని మోసే దారునాళం వ్యాసార్ధం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకుంటే అందులో నీరు ఎక్కేది 30 సెంటీమీటర్లే; తులసి మొక్కకు అది చాలుతుందేమో గానీ వేపకు చాలదు. ఆకుల కణకవచాల్లో ఉన్న అతి సూక్ష్మమైన రంధ్రాల దగ్గర నీటి తలం వంగి ఉంటుంది, ఆకుల నుంచి నీరు ఆవిరైపోవడం, అంటే బాష్పోత్సేకం, ఆ వంపును పెంచుతూ ఉంటుంది, అక్కడి నుంచి కింద వేరు దాకా తెగని నీటి దారం ఒకటి ఆ వంపుకు వేలాడుతూ పైకి కదులుతుంది. 1894లో డిక్సన్, జోలీ అన్న ఇద్దరు ప్రతిపాదించిన వివరణ ఇది. జ్యూరిన్ గొట్టం గుర్తుకు రాకుండా ఉండదు: కింద వెడల్పు, పైన సన్నం, ముందే నిండిన నీరు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. సంపు గిలాబు పగిలి పునాది తడుస్తున్నంత కాలం ఇటుక రంధ్రాల్లోకి నీరు ఎక్కుతూనే ఉంటుంది. అది ఎక్కే వేగం మాత్రం రానురాను తగ్గుతుంది. దీనికి లూకాస్ 1918లోనూ వాష్‌బర్న్ 1921లోనూ ఇచ్చిన సమీకరణం ప్రకారం తడి నడిచిన దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది; అంటే మొదటి అంగుళానికి గంట పడితే, రెండో అంగుళం పూర్తయ్యేసరికి నాలుగు గంటలు, మూడోది పూర్తయ్యేసరికి తొమ్మిది గంటలు. రంధ్రం సన్నమైతే ఎక్కే గరిష్ఠ ఎత్తు పెరుగుతుంది గానీ, ద్రవపు పొరల మధ్య రాపిడి అయిన స్నిగ్ధత వల్ల కలిగే అడ్డు అంతకన్నా వేగంగా పెరిగి నడక మందగిస్తుంది. ఎత్తుకూ వేగానికీ ఇలా చుక్కెదురు. ఇరానీ చాయ్‌లో బిస్కెట్టు ముంచేవారికి ఈ వర్గమూలం చేతిలోనే తెలుసు. 1999లో లెన్ ఫిషర్ అనే భౌతికశాస్త్రవేత్త బిస్కెట్టును టీలో ముంచే విద్యకు ఈ వాష్‌బర్న్ సమీకరణాన్నే వర్తింపజేసి నేచర్ పత్రికలో రాశాడు. నారాయణగూడ హోటల్లో ఉస్మానియా బిస్కెట్టు మీద నేను చేసిన పరిశీలన మాత్రం ఏ పత్రికా వేసుకోదు: దాన్ని లెక్క చూసుకుంటూ ముంచితే చాయ్ అడుగునే దొరుకుతుంది.

పైకి పోతున్న కొద్దీ నడక ఇలా మందగిస్తుంటే, మరోవైపు తడిసిన గోడ తన వెడల్పంతటి నుంచీ గాలిలోకి నీటిని వదులుతూ ఉంటుంది. కింది నుంచి వచ్చే నీరూ తలం నుంచి పోయే ఆవిరీ ఎక్కడ సమమవుతాయో అక్కడ నెమ్ము గీత నిలుస్తుంది. ఈ గీత ఎత్తు జ్యూరిన్ చెప్పిన ఎత్తు కాదు, దానికి చాలా కింద ఉంటుంది. వానకాలంలో గాలి తేమగా ఉండి ఆరిక తగ్గుతుంది గనుక గీత పైకి జరుగుతుంది. ఏప్రిల్ ఎండకు కిందికి దిగుతుంది, అయితే దిగేటప్పుడు నీరు తనతో తెచ్చిన లవణాలను ఆ చోటనే వదిలిపోతుంది, అవి గిలాబు రంధ్రాల్లో స్ఫటికాలై ఉబ్బి పెచ్చులు ఊడగొడతాయి. మనం చౌడు అనేది దాన్నే. మరి అడుగు మూడడుగుల తలాన్నీ నీళ్లు చొరని పెయింటుతో మూసేస్తే ఏమవుతుంది? ఆరే తలం పోయింది, ఎక్కే నీరు ఎప్పటిలాగే వస్తోంది. కాబట్టి అది పెయింటు వెనుక నుంచి పైకి నడిచి, గాలి తగిలే చోటును వెతుక్కుంది. కాంట్రాక్టరు నీటికి తలుపు మూశాననుకున్నాడు. మూసింది నీరు బయటకు పోయే తలుపును.

మేస్త్రీని ఒప్పించడానికి ఫిల్టరు కాగితం పట్టీలు రెండు తీసుకున్నాను. ఒకటి ఊరికే నీటిలో వేలాడదీశాను. రెండోదానికి పై అంగుళం వదిలి మిగతా అంతా సన్నని పాలిథిన్ తొడుగు వేశాను. ఒక రోజు గడిచేసరికి మొదటి దానిలో తడి 14 సెంటీమీటర్ల దగ్గర ఉంది, తొడుగు వేసిన దానిలో 21 దాటింది. పట్టీలను వెలుగుకు పట్టి చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “అయితే పెయింటు గీకుడే సారూ” అన్నాడు.

గీకించాం. సంపును ఖాళీ చేయించి లోపలి పగుళ్లు పూడ్పించాం. నా ఉద్దేశంలో సగం రోగం అక్కడే కుదిరింది. లోపలి గోడకు సిమెంటు గిలాబు బదులు సున్నపు గిలాబు చేయించాం. ఇసుకా సున్నమూ కలిసిన పూతలో రంధ్రాలు ఎక్కువ, గోడ దాని గుండా ఆరుతుంది. 1591 నాటి చార్మినార్‌కు ఉన్నదీ సున్నపు గిలాబే. ఇక మిగిలింది పునాదికీ గోడకూ మధ్య దారి తెంచడం. కొత్త ఇళ్లలో పునాది మీద తడి దాటని కాంక్రీటు పొర వేస్తారు, దాన్నే మేస్త్రీలు డీపీసీ అంటారు. మా ఇంటికి అది లేదు, యాభై ఏళ్ల గోడ కిందికి ఇప్పుడు దాన్ని తోయనూ లేము. భువనగిరి దగ్గర మా తాతగారు ఎర్రచెల్కలో వాన వెలిసిన రెండు మూడు రోజులకు గుంటక తోలించేవారు. పై మట్టి పొడిగా విడిపోయి సన్నని దారులు తెగిపోతే, కింది తడి పైకెక్కి ఎండకు ఆవిరి కాదు. గోడకు కూడా అటువంటి గుంటక కావాలి.

దానికి మందు పాదరసంలో ఉంది. పాదరసం గాజును తడపదు. ద్రవ తలం గాజుతో చేసే కోణం, అంటే స్పర్శకోణం, దానికి సుమారు 140 డిగ్రీలు, అందుకే గొట్టంలో అది పైకి రాకపోగా బయటి మట్టం కన్నా కిందికి దిగుతుంది. నీటిచేత కూడా గొట్టాన్ని తడపకుండా చేయగలిగితే అదీ అంతే. ఇంట్లో పాదరసం ముట్టుకోవడం మంచిది కాదు గనుక, నేను కరిగిన కొవ్వొత్తి మైనాన్ని గొట్టాల్లోకి ఎక్కించి ఊదేశాను. మూడింటిలో రెండు పూడుకుపోయాయి. మూడోదాన్ని నీటిలో నిలబెడితే, లోపలి మట్టం బయటి మట్టానికి కాస్త కిందనే ఆగడం మనవడు భూతద్దంతో చూశాడు. బజారులో దొరికే సిలికాన్ జాతి ద్రావణాలు ఇటుక రంధ్రాలకు ఇదే పని చేస్తాయి. అవి రంధ్రాన్ని పూడ్చవు, దాని గోడలను నీరు అంటకుండా చేస్తాయి, ఆవిరి మాత్రం వచ్చిపోతూనే ఉంటుంది. నేలకు ఆరంగుళాల పైన, సున్నపు కీలు వెంబడి నాలుగంగుళాలకొక రంధ్రం తొలిపించి, కిందటి డిసెంబరులో ఆ ద్రావణం ఎక్కించాం. పని పూర్తయ్యాక మేస్త్రీ తన పెన్సిలుతో నాలుగున్నర అడుగుల మచ్చ అంచున గోడ మీద గీత గీసి, తేదీ నన్ను వేయమన్నాడు.

తడిసిన తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి ఏడాదైనా పడుతుంది, లోపలి చౌడు ఇంకో రెండు మూడు వేసవులైనా బయటికి పూస్తూనే ఉంటుంది; దాన్ని తడిగుడ్డతో కాక పొడి కుంచెతో దులపాలి, తడి చేస్తే లవణం కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఈ ఆగస్టు రెండో వారంలో, నాలుగు రోజులు ముసురు పట్టిన తరువాత, టేపు పెట్టి కొలిచాను. నెమ్ము నేల నుంచి అడుగున్నర దగ్గర ఉంది.